ఆమె పేరున్న కాగితం

పోయిన సోమవారం ఆఫీసులో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. పులికాట్ వైపు ఊళ్ళు చూసే మా కార్యకర్త. "మేడం, తుపాన్ల కాలం వస్తా ఉండాది గదా, పాత లిస్టులు సరిచేస్తా ఉండా. రెండో పట్టికలో పదకొండో పేరు తీసేయల్ల. ఆమె పోయింది మేడం, నెలయిందంట. జొరమొచ్చి నాలుగు రోజులు కూడా ఉండలేదంట," అన్నాడు.

పదకొండో పేరు ఎవరిదో నేను కాగితం తీసి చూడనక్కర్లేదు. దాన్ని అక్కడ రాసింది నేనే.

"నెలయితే నాకెవరూ చెప్పలేదేం?" అని కసిరాను. "మీకు తెలుసనుకున్నా మేడం," అన్నాడు పాపం. ఎట్లా తెలుస్తుంది? ఆ ఊరి మొహం చూసి రెండేళ్ళు దాటింది. పని లేక కాదు, పోవడానికి మొహం చెల్లక. ఆ సంగతి అతనికేం చెప్తాను, సరే చూస్తానని పెట్టేశాను. టీ చల్లారిపోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆమె పేరు రాసి నేను చేసిన నిర్వాకం చాలు.

మాది నెల్లూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. సముద్రం పక్క ఊళ్ళలో జనాన్ని తుపాన్లకు ముందే సిద్ధం చేయడం మా పని. ఊరికి రెండు పట్టికలు రాస్తాం. మొదటిది వాలంటీర్ల పట్టిక, అంటే సాయం చేసేవాళ్ళు. రెండోది ముందుగా తరలించాల్సినవాళ్ళ పట్టిక, అంటే ముసలివాళ్ళు, నిండు గర్భిణులు, కాళ్ళూ కళ్ళూ సరిగా లేనివాళ్ళు. ఒక ఏడాది పైనుంచి ఒక మాట వచ్చింది, వికలాంగులను కూడా వాలంటీర్లుగా చేర్చుకోవాలని. మంచి మాటే. ఆ మాట పట్టుకుని నేను ఆ ఊరికి బయలుదేరాను. బస్సులో కూర్చుని ఏం మాట్లాడాలో రెండుసార్లు మనసులో చెప్పుకున్నాను కూడా. అప్పట్లో నాకు నామీద అంత గౌరవం ఉండేది.

ఆమె ఒడ్డున లాగి పెట్టిన పడవ నీడలో కూర్చుని వల అల్లుతోంది. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు తట్టు వచ్చి చూపు పోయింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఆమె ముఖం ఇంకెటో తిరిగి ఉంది. నేను వంగి, ఒక్కొక్క మాటా విడివిడిగా, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

"ఒమ్మే, నాకు కనపడదు గానీ బాగా ఇనపడతాది. అరవబాక," అంది.

పక్కన మిషను కుట్టుకుని బతికే ఒకామె కూర్చుని ఉంది. ఆమె పక్కున నవ్వింది. నేను సర్దుకుని, మీలాంటివాళ్ళు కూడా వాలంటీర్లుగా ముందుకు రావాలని అన్నాను.

"మాలాంటోళ్ళంటే? వల అల్లేవాళ్ళా?"

"కాదక్కా, అంటే... దివ్యాంగులు."

"అదేంది? నన్ను దేవుడి పటంలో కూర్చోబెడతావా ఏంది? గుడ్డిదాన్ని. గుడ్డిదనే రాసుకో, పోయేదేముంది. సరే, వాలంటీరంటే ఏం జేయల్ల?"

తుపాను హెచ్చరిక రాగానే ఇల్లిల్లూ తిరిగి జనాన్ని షెల్టరుకు పంపాలనీ, ఎవరైనా వెనక మిగిలారేమో చూసుకోవాలనీ చెప్పాను. ఈసారి మిషను కుట్టే ఆమె నవ్వలేదు, నావైపు కోపంగా చూసింది. "అది మాయక్క నేను ఈ ఊరికి కాపరానికి రాకముందు నించే చేస్తా ఉండాది. మీరొచ్చి నేర్పిస్తారా?" అంది.

తర్వాత తెలిసింది నాకు. షెల్టరు ఊరికి మైలున్నర దూరంలో, కాలవ మీది చిన్న వంతెన దాటాక ఉంటుంది. తుపానంటే కరెంటు ముందే పోతుంది. ఆ చీకట్లో కళ్ళున్నవాళ్ళకు ఎవరున్నారో ఎవరు లేరో తెలియదు. ఆమె షెల్టరు గడప మీద కూర్చుని, వీధి మొదటి నుంచి వరసగా ఒక్కొక్క ఇంటినీ పిలిచేది. "ఐసుపెట్టె ఇంటోళ్ళు!" "ఉండాం!" "ఎంతమంది?" "ఆరుగురం." "అయిదు గొంతులే ఇనపడినాయి. ఆరోది ఎవురు? నోరు పడిపోయిందా? పలుకు." ఎవరి నోటితో వాళ్ళే పలకాలి. ఒకరి తరఫున ఇంకొకరు ఉన్నారని చెబితే ఒప్పుకునేది కాదు. మొగుడి తరఫున పెళ్ళాం చెప్పినా సరే, "ఆయన్ని పలకమను" అనేది. పసిబిడ్డల్నయితే గిల్లి ఏడిపించమనేది. ఏడుపు వినపడేదాకా తల్లి మాటను కూడా నమ్మేది కాదు. బిడ్డ కేరుమనగానే "ఆ, ఉండాడు దొంగనాకొడుకు" అని తర్వాతి ఇంటికి పోయేది.

ఈ పద్ధతికి లొంగని మనిషి ఊరంతటికీ ఒక్కడే. వీధి చివరింటాయన. పుట్టు చెవిటి, మాటా లేదు. పెళ్ళాం ఎప్పుడో పోయింది, కూతుర్ని తడ ఊళ్ళో ఇచ్చాడు, ఒక్కడే ఉండేవాడు. ఈమె ఆయన్ని మామా అనేది, ఆయనకు వినపడదని తెలిసినా. ఆయనకు ఆమె పిలుపు వినపడదు, ఆమెకు ఆయన సైగ కనపడదు. అందుకని ఇద్దరూ వాళ్ళ తిప్పలు వాళ్ళు పడి ఒక దారి చేసుకున్నారు. వచ్చానని చెప్పాలంటే ఆయన ఆమె అరచేతిలో రెండుసార్లు తట్టేవాడు. పోతున్నానని చెప్పాలంటే ఒకసారి. వేటకు పోతూ ఒకటి, తిరిగొచ్చి రెండు. కూతురింటికి పోయినా, సంతకు పోయినా ఒకటి తట్టకుండా ఊరు దాటేవాడు కాదు. షెల్టరులో ఆయన ఇంటి వంతు వచ్చేసరికి ఆమె పిలవకుండా అరచెయ్యి చాపేది. జనం నోరు మూసుకునేవాళ్ళు. ఆయన వచ్చి రెండుసార్లు తట్టేవాడు. అప్పుడు "సరే, అందరూ ఉండారు. ఇంక పండుకోండి" అనేది.

నాకు ఆమె దగ్గర మంచి చనువు ఏర్పడింది. చనువంటే, తిట్టించుకునే చనువు. నేను వీధి మొదట్లో ఉండగానే "కోవూరు చెప్పులు వస్తా ఉండాయి" అనేది. నేను ఏ చెప్పులు వేసుకొచ్చినా అవి కోవూరు చెప్పులే, మాది కోవూరు గనుక. వాళ్ళింట్లో ఎప్పుడు తిన్నా చేపల పులుసులో పెద్ద ముక్క నా కంచంలో వేసి, "ముళ్ళు చూసుకుని తిను. కళ్ళుండేవాళ్ళకే గుచ్చుకుంటాయి" అనేది. నిజంగానే నాకు రెండుసార్లు గుచ్చుకుంది. ఒక్కటి మాత్రం ఆమెకు అస్సలు పడదు, ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించడం. కొత్త చోటైతే తనే ఎదుటి మనిషి భుజం మీద చెయ్యి వేసేది. "భుజం మీద నేను చెయ్యేస్తే నేను నడిచినట్టు. నా చెయ్యి నువ్వు పట్టుకుంటే నువ్వు నన్ను ఈడ్చినట్టు," అని మొదట్లోనే చెప్పింది. ఆ మాట నాకు బాగా నచ్చింది. రాసుకుని నెల్లూరు మీటింగులో చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఆమెను మొదటి పట్టికలో చేర్చాం. వాలంటీర్లకిచ్చే కోటు వేశాం. కోటును చేత్తో తడిమి, "ఏం రంగు?" అని అడిగింది. నారింజ రంగన్నాను. "ఎండు రొయ్యల రంగా?" అంది. చూపు పోకముందు చూసిన రంగులు కొన్ని ఆమెకు గుర్తున్నాయి. కాస్త అటూ ఇటూగా అంతేనన్నాను. గుండీలన్నీ పెట్టుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడింది. ఫొటో తీశాం. ఆ ఫొటో చాలా చోట్లకు పోయింది. ఆమెకు మాత్రం ఫొటోతో పనేముంది, ఆమెకు కావలసింది ఆ కోటు. తుపానొచ్చినప్పుడు బయటి ఊరి పోలీసులూ ఆఫీసర్లూ వచ్చి "నువ్వు పక్కకు పోమ్మా" అంటుంటారు, అది తొడుక్కుంటే అనరని ఆమె ఆశ.

ఆ ఆశకు నేనే గండి కొట్టాను. పట్టికలు కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఆమె పేరు రెండింటిలోనూ ఉందని తేలింది. చూపు లేదన్న సర్టిఫికెట్ ఉంది కాబట్టి రెండోదాంట్లో అంతకుముందే నేనే రాసి ఉన్నాను. ఒక మనిషి ఒక పట్టికలోనే ఉండాలి. మా సారు దగ్గరికి తీసుకుపోయాను. "ఫొటో అయిందిగదా. రేపు ఆమెకేమన్నా అయితే ఎవరమ్మా జవాబు చెప్పేది? రెండోదాంట్లోనే ఉంచు," అన్నారు. మనసు కాస్త గునిసింది. అయినా కీబోర్డు నా చేతికిందే ఉంది, మొదటి పట్టికలో ఆమె పేరు తీసేశాను. కోట్లు తక్కువగా ఉన్నాయని ఆమె కోటును ఇంకో ఊరికి పంపాం. ఉతకడానికి తీసుకున్నామని ఆమెకు చెప్పాను. "తుపానుకు ముందు ఇచ్చేయండమ్మే" అంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చివరింటాయన పేరు రెండో పట్టికలో లేదు. ఆయన ఏ ఆఫీసుకూ పోలేదు, చెవిటివాడని ఏ డాక్టరూ రాసివ్వలేదు. ఊరంతా ఎరిగిన చెవుడు మా కాగితాల్లో మాత్రం లేదు.

తుపాను వచ్చిన రోజు పొద్దున్నే వ్యానేసుకుని ఆ ఊరికి పోయింది నేనే. గాలి అప్పుడే లేస్తోంది. మొదట రెండో పట్టికవాళ్ళను షెల్టరుకు చేర్చాలి, వాళ్ళందరూ ఎక్కందే వ్యాను కదలకూడదు. అది మా నియమం. ఆమె కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చేసి ఉంది, తలుపులు తట్టడానికి.

"నా కోటు తెచ్చినావా?" అంది.

"అక్కా, ముందు వ్యానెక్కు."

"నేనెందుకెక్కేది? ఇరవై ఇళ్ళుండాయి. తిరిగి ఆఖరిన నడిచొస్తా. ఎప్పుడూ అట్టనే గదా."

"నీ బదులు వేరే పిల్లోళ్ళు తిరుగుతారక్కా. నువ్వెక్కకపోతే బండి కదలదు. లోపల నెలలు నిండిన అమ్మాయి కూర్చోనుంది."

ఆమె కదల్లేదు. నాకు చిరాకేసింది. చేతిలో కాగితం తడుస్తోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎవరినీ పట్టుకోనివ్వని ఆ చేతిని పట్టుకుని, లాగి, వ్యానెక్కించాను. ఆమె పెనుగులాడలేదు. సీట్లో కూర్చున్నాక నా వేపు ముఖం తిప్పి, మెల్లగా చెప్పింది: "ఒమ్మే, ఇనుకో. చివరింట్లో మామ తెల్లారుజామున వేటకు పోయొచ్చి ఎనక పంచలో పండుకోనుంటాడు. ముందర తడిక కట్టేసుంటాది. తడిక చూసి ఎవురూ లేరని మళ్ళుకోబాకండి. సందులోంచి ఎనక్కి పోయి తట్టి లేపమని ఆ పిల్లోళ్ళకు చెప్పు. మర్చిపోబాక."

"చెప్తానక్కా," అన్నాను.

మర్చిపోయాను. దీనికి నేను చెప్పుకోగలిగిన సాకులు చాలా ఉన్నాయి. ఒక ముసలాయన ఎక్కనని మొండికేశాడు, నిండు గర్భిణికి కళ్ళు తిరిగాయి, నెల్లూరు నుంచి పదిసార్లు ఫోన్ చేశారు ఎంతమందిని చేర్చావని. ఇవన్నీ నిజాలే. మర్చిపోయిన మాట కూడా నిజం.

సాయంత్రానికి ఊరంతా షెల్టరులో ఉంది. ఆమె ఎప్పటిలాగే గడప మీద కూర్చుని పిలుపు మొదలుపెట్టింది. బయట గాలి అరుస్తుంటే ఆమె అంతకన్నా గట్టిగా పిలిచింది. ఇళ్ళన్నీ పలికాయి, పసిబిడ్డలు ఏడ్చారు. చివరికి చెయ్యి చాపింది. జనం నోరు మూసుకున్నారు. చాపిన చెయ్యి అట్లాగే ఉంది.

"మామ చెయ్యి రాలా," అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా చేతిలో పట్టిక ఉంది, ఇళ్ళు తిరిగొచ్చిన వాలంటీరు కుర్రాళ్ళు అందులో చివరింటి ఎదురుగా 'ఇల్లు ఖాళీ' అని రాసి టిక్కు కొట్టారు. నేను మర్చిపోయానని అక్కడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నా నోటి నుంచి ఇంకో మాట వచ్చింది.

"ఇల్లు ఖాళీ అని రాసుందక్కా. తడకు, కూతురింటికి పోయుంటాడు."

"పోతే నా చేతిలో ఒకటి తట్టి పోతాడు. తట్టలా. ఆయన యాడికీ పోలా."

"కాగితంలో..." అన్నాను మళ్ళీ.

"కాగితాన్ని పలకమను చూస్తాం," అంది.

కానీ చుట్టూ ఉన్న మగవాళ్ళు ఆమె చేతినీ నా కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. చదువుకున్నదాన్ని, ఆఫీసు మనిషిని, ఒళ్ళు కూడా తడవకుండా నిలబడి చెబుతున్నాను గదా, నా మాటే నమ్మారు. కూతురికి ఫోన్ చేద్దామన్నాను. సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతూ అరగంట గడిపాను. చివరికి కలిసింది. "నాయన ఇక్కడికి రాలేదే" అంది ఆ పిల్ల. అప్పుడు ముగ్గురు మగవాళ్ళు తాడు పట్టుకుని బయలుదేరారు. కాలవ వంతెన మీద అప్పటికే మెడలోతు నీళ్ళున్నాయి. వెనక్కి తిరిగొచ్చారు. అరగంట ముందు నడుముకు దిగువే ఉండిందని వాళ్ళలో ఒకాయన అన్నాడు. నన్ను ఉద్దేశించి అనలేదు, ఊరికే అన్నాడు.

తెల్లారాక నీళ్ళు తీశాయి. ఆయన వెనక పంచలోనే ఉన్నాడు. మట్టిగోడ మీద పడింది.

శవాన్ని ఇంటిముందు పడుకోబెడితే ఆమె మిషను కుట్టే ఆమె భుజం మీద చెయ్యి వేసి వచ్చింది. కింద కూర్చుని, తడుముకుని ఆయన చెయ్యి దొరకబుచ్చుకుంది. అరచెయ్యి విప్పి, అందులో ఒక్కసారి తట్టింది. ఏడవలేదు. ఏడ్చింది నేను. నా ఏడుపు విని నా వైపు తిరిగింది.

"ఆ పిల్లోళ్ళకు చెప్పినావా?"

"మర్చిపోయినా అక్కా."

తిడుతుందనుకున్నాను. అంతకుముందు ఎన్నోసార్లు అంతకన్నా చిన్నవాటికి తిట్టింది. "నన్నెందుకు ముందెక్కించినావు?" అంది తర్వాత.

"లిస్టులో నీ పేరుంది అక్కా."

"వాలంటీరోళ్ళ కాగితంలో గదా రాసినావు?"

అప్పుడు చెప్పాను, మొత్తం. పేరు తీసేసిందీ, కోటు ఉతకడానికి కాదన్నదీ. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"అయితే నేను మోసుకుపోయే సామాన్లలో ఉండానన్నమాట," అంది. "ఒమ్మే, ఒకటి చెయ్యి. కోటు వద్దు. ఆ మొదటి కాగితంలో రాస్తే రాయి, రాయకపోతే మాన్లే. దీంట్లోంచి మాత్రం నా పేరు తీసెయ్. ఈసారి నన్ను ముందు మోసుకుపోతే ఇంకెవురో ఎనకపడతారు." అరచెయ్యి చాపింది. "చేతిలో చెయ్యేసి చెప్పు."

ఆయన తట్టిన చెయ్యి అది. అందులో నా చెయ్యి వేసి, తీసేస్తానని చెప్పాను.

నెల్లూరు వచ్చి మా సారుకు చెప్పాను. "అయ్యో పాపం" అన్నారు. చచ్చిపోయినాయన గురించి. పేరు సంగతి ఎత్తితే, "ఒక ప్రాణం పోయిన ఊళ్ళో కళ్ళు లేని మనిషిని లిస్టులోంచి తీసేస్తావా? మతుండే మాట్లాడుతున్నావా?" అన్నారు. వాదించాల్సింది. ఆమె చూడగలిగింది మనకు కనపడలేదు సార్, అనాల్సింది. అనలేదు. జీతం రాళ్ళు, పిల్లల చదువు, అందరికీ ఉండే భయాలే. తర్వాత చూద్దామనుకున్నాను. ఆ తర్వాత ఆ ఊరిని ఇంకొకరికి అప్పగించమని నేనే అడిగాను.

ఆమె సంగతులు అప్పుడప్పుడు ఫోన్లో తెలిసేవి. వాయుగుండమని కబురు రాగానే ఆమె ఇంట్లో ఉండేది కాదట. వ్యాను వచ్చేసరికి ఎవరింట్లో దూరిందో ఎవరూ చెప్పేవాళ్ళు కాదట, ఊరంతా కలిసి దాచేదట. మావాళ్ళు పట్టిక పట్టుకుని "పదకొండు, పదకొండు" అని అరుచుకుంటూ తిరుగుతుంటే, ఆమె సందుల్లోంచి వెనక పంచలన్నీ తడుముకుంటూ వెళ్ళి తలుపులు తట్టేదట. షెల్టరులో ఇళ్ళన్నీ పలికాక, ఎప్పటిలాగే చెయ్యి చాపి కాసేపు ఉంచేదట. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. తర్వాత చెయ్యి మూసుకుని, "ఇంక పండుకోండి" అనేదట. "మేడం, నేను ఆ ఊరికి పోయినప్పుడల్లా అడుగుతా ఉంటాది, కోవూరు చెప్పులు ఎప్పుడొస్తాయని," అన్నాడొకసారి మా కార్యకర్త. వచ్చేవారం వస్తానని చెప్పమన్నాను.

నిన్న కంప్యూటరు ముందు కూర్చున్నాను. రెండో పట్టిక తెరిచి, పదకొండో పేరు దగ్గరికి పోయాను. పేరు తీసేయాలంటే ఎందుకు తీసేస్తున్నామో చెప్పాలి, లేకపోతే అది ఒప్పుకోదు. కారణాలు నాలుగే ఉన్నాయి. వలస వెళ్ళారు, పెళ్ళయి వెళ్ళారు, ఆరోగ్యం బాగుపడింది, మరణించారు. పొరపాటున చేర్చాం అనేది లేదు. పైకీ కిందికీ రెండుసార్లు వెతికాను.

'మరణించారు' నొక్కాను. పన్నెండో పేరు పదకొండులోకి జరిగింది. తీసేస్తానని చేతిలో చెయ్యేసి చెప్పాను గదా అక్కా, తీసేశాను.